వెనక సీటు హెడ్‌రెస్ట్‌లు: తీయాల్సింది ఒక్కటే, మిగతావి పైకి లేపండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. ఈ మధ్యే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం, చిన్నదే. నేనే నడుపుతాను. ఆదివారం వచ్చిందంటే నర్సంపేట అవతల మా అత్తగారి ఊరికి వెళ్లి వస్తాం. వెనక సీటు హెడ్‌రెస్ట్‌లతో మూడు ఇబ్బందులు వచ్చాయి. కూర్చున్నంత సేపూ వీపులో గుచ్చుకుంటున్నదని అత్తమ్మ అంటుంది. మూడేళ్ల బాబుకు కొన్న చైల్డ్ సీటు దానికి తగిలి ముందుకు ఒరుగుతోంది. లోపలి అద్దంలో చూస్తే సగం హెడ్‌రెస్ట్‌లే కనబడతాయి. మా ఆయన ఒకటి పట్టి లాగితే సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఎంత గుంజినా రాలేదు. సీటు కవర్లు వేసే షాపులో అడిగితే "వెనక ఎవరికి కావాలమ్మా, మూడూ తీసి డిక్కీలో పడేసుకోండి" అన్నారు. ఇంట్లోనే తీసుకోవచ్చా? తీస్తే పోలీసులు ఫైన్ వేస్తారా? ఇంకొకటి, కారు నీళ్లలో పడితే అద్దం పగలగొట్టుకోవడానికే వాటిని ఊడొచ్చేలా చేశారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?
– ఒక చెల్లెలు, హనుమకొండ

సమాధానం: చెల్లెమ్మా, ఇంట్లోనే తీసుకోవచ్చు. మెకానిక్ అక్కర్లేదు, షోరూం దాకా పోనక్కర్లేదు. ఒక జెమ్ క్లిప్పు చేతిలో ఉంటే ఐదు నిమిషాల పని. అయితే మీరు రాసిన మూడు ఇబ్బందుల్లో హెడ్‌రెస్ట్ నిజంగా తీయాల్సింది ఒక్కదానికే, అది బాబు సీటుకు. అత్తమ్మ వెనక ఉన్నదాన్ని తీయొద్దు, పైకి లేపాలి. అద్దం సంగతికి తీయడమూ అక్కర్లేదు, లేపడమూ అక్కర్లేదు. షాపులో చెప్పిన మాట మాత్రం దయచేసి వినకండి. ఎందుకో చెప్తాను. దానికన్నా ముందు తీసే పద్ధతి చూద్దాం, లేకపోతే మీ ఆయన మళ్లీ గుంజితే లోపల ఏదో ఒకటి విరుగుతుంది.

వెనక తలుపు తీసి, సీటు మీద మోకాలు ఆనించి, హెడ్‌రెస్ట్ కింద వేళ్లు పెట్టి తడిమి చూడండి. రెండు ఇనుప రాడ్లు సీటు లోపలికి దిగి ఉంటాయి. ఒక్కో రాడ్డు మొదట్లో నల్లటి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. సీటు కవర్లు వేసి ఉంటే బిళ్లలు వాటి కింద దాక్కుంటాయి, గుడ్డను పక్కకు జరిపి చూడాలి. ఒక బిళ్లకు బటన్ స్పష్టంగా కనబడుతుంది. అది కనబడగానే అందరూ దాన్ని నొక్కి లాగుతారు, రెండో బిళ్ల వైపు చూడరు. పొరపాటు అక్కడే.

కనబడే బటన్ ఎత్తు మార్చడానికి. ఆ వైపు రాడ్డు మీద వరుసగా గాట్లు ఉంటాయి. బిళ్ల లోపల ఒక చిన్న స్ప్రింగు తీగ ఉంటుంది, అది ఒక్కో గాటులో పడ్డప్పుడల్లా టక్కుమంటుంది. బటన్ నొక్కితే తీగ పక్కకు జరిగి రాడ్డును వదులుతుంది. చాలా కార్లలో రెండో వైపు ఇంకో తాళం ఉంటుంది. హెడ్‌రెస్ట్ మొత్తంగా ఊడి చేతికి రాకుండా చివర్లో ఆపేది అదే. మీ ఆయన లాగినప్పుడు సగంలో ఆగింది అందుకే. పాడైపోయి ఆగలేదు, ఆగడమే దాని పని.

ఫోన్ టార్చి వేసి రెండో బిళ్లను దగ్గరగా చూడండి. అక్కడ కూడా ఒక బటన్ ఉండొచ్చు. బటన్ లేకపోతే బిళ్ల పక్కన బియ్యపు గింజంత బొక్క గానీ, గోరు పట్టేంత చీలిక గానీ ఉంటుంది. బొక్క అయితే జెమ్ క్లిప్పును నిటారుగా సాగదీసి గుచ్చాలి, చీలిక అయితే సన్నని మైనస్ స్క్రూడ్రైవర్ పెట్టాలి. కొన్నింట్లో బటన్‌నే సగం తిప్పి నొక్కాల్సి ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో ఉంటే సీట్ల పేజీ తీయండి, మీ కారుది ఏ రకమో బొమ్మ వేసి ఉంటుంది. పాత యజమాని పుస్తకం ఇవ్వలేదంటే కంపెనీ వెబ్‌సైటులో వెతకండి, చాలా కంపెనీలు అక్కడ ఉచితంగానే పెడుతున్నాయి.

ఇక తీయడం. చిన్న కార్లలో రాడ్లు పూర్తిగా బయటికి రావాలంటే పైన కప్పు అడ్డం వస్తుంది. అందుకని ముందుగా వెనక సీటు వీపు భాగాన్ని కొంచెం ముందుకు మడవండి. మొదటి బటన్ నొక్కి హెడ్‌రెస్ట్‌ను ఆఖరి గాటు దాకా లేపండి. అది ఆగిన చోట మీ ఆయనను రెండు చేతులతో రెండు రాడ్ల దగ్గర పట్టుకోమనండి. మీరు ఒక చేత్తో బటన్, ఇంకో చేత్తో క్లిప్పు ఒకేసారి నొక్కి పట్టండి. ఇప్పుడు ఆయన నిటారుగా పైకి లాగాలి. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ లాగితే రాడ్లు వంకరగా పట్టేస్తాయి. అప్పుడు బలం పెట్టకండి, ఒక గాటు కిందికి దించి మళ్లీ మొదలుపెట్టండి. సరిగ్గా నొక్కినప్పుడు బలమే అక్కర్లేదు, సొరుగు వచ్చినట్టు వచ్చేస్తుంది.

పోయిన ఎండాకాలం మా వీధిలో ఉండే ఒక సారు కారుకు ఇదే పని చేశాం. పొద్దున్నే ఏడు గంటలకు వేపచెట్టు నీడలో కారు పెట్టుకున్నాం. వరంగల్‌లో మే నెల ఎండ తగిలాక ఆ రాడ్లు చేత్తో పట్టుకోలేం. ఆయన అంతకు ముందే మూడు రోజులు గుంజి, చమురు పోసి, విసిగిపోయి ఉన్నారు. చమురు వల్ల ఒరిగిందేమీ లేదు, సీటు గుడ్డ మీద అరచేయంత మరక మిగిలింది. టార్చి వేసి చూస్తే ఎడమ బిళ్ల మీద బొక్క ఉంది, అందులో దుమ్ము, మరమరాల పొడి గట్టిపడి కూర్చున్నాయి. పిల్లలు వెనక కూర్చుని తిన్నవే. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, క్లిప్పు గుచ్చితే అర సెంటీమీటరు లోపలికి పోయి మెత్తగా ఏదో తగిలింది. కొద్దిగా ఒత్తగానే టిక్కుమని చిన్న శబ్దం. సారు కూతురు, ఆరో తరగతి పిల్ల, హెడ్‌రెస్ట్‌ను ఒంటిచేత్తో పైకి తీసేసింది. ఆ టిక్కు వినబడే దాకా లాగకండి. చమురు, గ్రీజు అసలే వద్దు. పొడి గుడ్డతో రాడ్డు తుడిస్తే చాలు.

ఒక హెచ్చరిక. కొన్ని కార్లలో, ముఖ్యంగా తక్కువ ధర వేరియంట్లలో, వెనక హెడ్‌రెస్ట్ విడిగా ఉండదు, సీటుతో కలిపి కుట్టేస్తారు. మీ కారులో రాడ్లు కనబడుతున్నాయి కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. ఇది చదివే వాళ్లలో ఎవరి కారులోనైనా రాడ్లే కనబడకపోతే దాని జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు అత్తమ్మ సంగతి. నేను చాలా కార్లలో చూశాను, వెనక హెడ్‌రెస్ట్‌లు కొన్ననాటి నుంచి అట్టడుగు గాటులోనే ఉండిపోతాయి. షోరూం నుంచి అలాగే వస్తాయి, ఎవరూ ముట్టుకోరు. ఆ స్థితిలో దాని కింది అంచు సీటు మీదికి కొక్కెంలా వంగి ఉంటుంది, సరిగ్గా రెండు భుజాల రెక్కల నడుమ తగులుతుంది. చాలా కార్లలో దాన్ని కావాలనే అలా చేస్తారు. ఎవరూ లేనప్పుడు అది కిందికి దిగి ఉండాలి, డ్రైవర్‌కు వెనక అద్దం కనబడాలి. ఎవరైనా కూర్చుంటే గుచ్చుకోవాలి, గుచ్చుకుంటే లేపుకుంటారని. అత్తమ్మ వీపు చెప్తున్నది తీసేయమని కాదు, లేపమని.

అత్తమ్మను సీటులో నడుము వెనక్కి ఆనించి కూర్చోబెట్టండి. హెడ్‌రెస్ట్ పై అంచు ఆమె తల పై భాగంతో సమానంగా వచ్చే దాకా లేపండి. అంత ఎత్తు రాకపోతే కనీసం చెవుల పై అంచు దాటాలి. తలకూ దానికీ నడుమ నాలుగు వేళ్లకు మించి సందు ఉండకుండా చూడండి. కొప్పు పెట్టుకునే అలవాటు ఉంటే అది తలను ముందుకు తోస్తుంది, ప్రయాణం రోజు జడ వేసుకోమనండి, లేదా కొప్పు మెడ మీదికి కిందుగా ముడుచుకోమనండి. వీపు వెనక దిండ్లు పెడితే తల హెడ్‌రెస్ట్‌కు దూరమైపోతుంది, వద్దు. నడుము నొప్పి ఉంటే నడుము దగ్గర మాత్రమే చిన్న తువ్వాలు చుట్టి పెట్టండి.

"వెనక ఎవరికి కావాలి" అన్న మాటకు ఇప్పుడు వస్తాను. ఈ మాట మీద నాకు కోపం ఉంది, దానికి కారణం ఉంది.

కొన్నేళ్ల కిందట మా అక్కా బావా హైదరాబాద్ నుంచి వరంగల్ వస్తున్నారు. 163 నంబరు జాతీయ రహదారి మీద, స్టేషన్ ఘన్‌పూర్ దాటాక, బర్రెలు అడ్డం వచ్చాయని బావ బ్రేక్ వేశాడు. కారు ఆగింది. వెనక వస్తున్న డీసీఎం వ్యాను ఆగలేదు. మరీ పెద్ద దెబ్బేం కాదు, బంపర్ లోపలికి పోయింది, డిక్కీ తలుపు మడతపడింది. కారు నడుపుకుంటూనే ఇంటికి వచ్చారు. బావ ముందు సీటులో ఉన్నాడు, తల వెనక హెడ్‌రెస్ట్ ఉంది, తెల్లారి డ్యూటీకి వెళ్లాడు. అక్క వెనక సీటులో ఉంది. అంతకు రెండు నెలల ముందు సీటు కవర్లు వేయించినప్పుడు, కవర్లు సరిగ్గా కూర్చోవడానికి అడ్డమని వెనక హెడ్‌రెస్ట్‌లు తీసి డిక్కీలో పెట్టి పంపారు. మళ్లీ పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ రాత్రి అక్కకు ఏమీ అనిపించలేదు. పొద్దున లేచే సరికి మెడ తిరగలేదు. మూడు వారాలు కాలర్ వేసుకుంది. జడ వేసుకోవడానికి చేతులు వెనక్కి ఎత్తలేక నా మేనకోడలు వేసేది. ఇప్పటికీ ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పదు, మొత్తం మనిషే తిరుగుతుంది. హెడ్‌రెస్ట్‌లు రెండూ ఆ మడతపడ్డ డిక్కీలోనే దొరికాయి, పాలిథిన్ కవర్ కూడా విప్పలేదు.

ఒకే కారు, ఒకే దెబ్బ. బావకు ఉన్నదీ అక్కకు లేనిదీ అదొక్కటే అని నేను నమ్ముతాను.

వెనక నుంచి బండి తగిలితే లోపల జరిగేది ఇది. సీటు ఒక్కసారిగా మన వీపును ముందుకు తోస్తుంది. వీపు ముందుకు పోతుంది, తల మాత్రం ఉన్న చోటే ఉండిపోతుంది. నాలుగైదు కిలోల బరువున్న తలకూ కదిలిపోతున్న ఒంటికీ నడుమ మెడ నలుగుతుంది, ముందు ఒక వంపు, వెంటనే వెనక్కి ఇంకో వంపు. కన్ను మూసి తెరిచే లోపు అయిపోతుంది, మెడ బిగించుకునే టైమ్ ఉండదు. తల వెనక్కి పోయే ముందే దాన్ని పట్టుకోవడానికి ఏదైనా అక్కడ ఉండాలి. అమెరికాలో 1969 జనవరి 1 తరువాత తయారైన కార్లకు ముందు సీట్లలో హెడ్‌రెస్ట్ తప్పనిసరి చేసింది ఈ దెబ్బల వల్లే. మనం రెస్ట్ అని పిలుస్తున్నాం కాబట్టి తల వాల్చి పడుకోవడానికి అనుకుంటున్నాం. దాని అసలు పని తలను ఆపడం.

మీరు వెళ్లే నర్సంపేట రోడ్డునే చూడండి. ఫిబ్రవరి వచ్చిందంటే ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు బారులు తీరుతాయి. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్. ముందు బండి ఠక్కున ఆగుతుంది, మీరూ ఆగుతారు, మీ వెనక వాళ్లు ఆగాలి కదా. ఇలాంటి రోడ్డు మీద వెనక నుంచి దెబ్బ తగలడం అరుదైన సంగతి కాదు. వెనక కూర్చున్న పెద్దమనిషికి ముందు కూర్చున్న వాళ్లకన్నా తక్కువ రక్షణ ఎందుకు ఉండాలి?

ఇక బాబు సీటు. ఇక్కడ మాత్రం హెడ్‌రెస్ట్ తీయడమే సరైన పని కావచ్చు. మూడేళ్ల బాబుకు మీరు కొన్నది ముందుకు చూసే సీటు అయి ఉంటుంది, దానికి సొంత వీపు, సొంత తల భాగం, బెల్టులు ఉంటాయి. కాబట్టి కారు హెడ్‌రెస్ట్‌తో బాబుకు పని లేదు. చైల్డ్ సీటు వీపు కారు సీటుకు ఆనుకుని ఉండటమే ముఖ్యం. హెడ్‌రెస్ట్ తగిలి నడుమ ఖాళీ వస్తే బ్రేక్ వేసిన ప్రతిసారీ ఊగుతుంది. ముందు హెడ్‌రెస్ట్‌ను పైదాకా లేపి చూడండి, కొన్నిసార్లు చైల్డ్ సీటు దాని కిందికి చక్కగా జారిపోతుంది. అప్పటికీ తగులుతుంటే ఆ ఒక్క హెడ్‌రెస్ట్ తీసేయండి. చైల్డ్ సీటుతో వచ్చిన పుస్తకంలో కూడా ఈ మాట రాసి ఉందో లేదో చూసుకోండి.

మీ కారులో ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే చైల్డ్ సీటును నేరుగా కారుకు బిగించే ఇనుప కొక్కేలు, ఉంటే అవి మామూలుగా వెనక సీటు రెండు పక్కలా, వీపు, కూర్చునే భాగం కలిసే సందులో ఉంటాయి. రోడ్డు అంచు వైపు దింపుకోవచ్చు కాబట్టి బాబుకు ఎడమ పక్క మేలు. అత్తమ్మ మీ వెనక, కుడి వైపు. చైల్డ్ సీటు పైనుంచి ఒక పట్టీ వెనక్కి పోయి కారు కొక్కేనికి తగులుకోవాలి. హెడ్‌రెస్ట్ ఉంచితే ఆ పట్టీ రెండు రాడ్ల నడుమ నుంచి, హెడ్‌రెస్ట్ కింది నుంచి పోవాలి. తీసేస్తే సీటు మీదుగా నేరుగా పోతుంది. డిక్కీలో సంచులు తగిలించే ప్లాస్టిక్ కొక్కేనికి పొరపాటున కూడా తగిలించొద్దు, అది మోయలేదు. అంతా బిగించాక, బెల్టు పోయే చోట సీటును పట్టుకుని అటూ ఇటూ కదపండి. అంగుళానికి మించి కదలకూడదు.

మీరు అడగకపోయినా ఒక మాట. ఊరు దగ్గర పడ్డాక, బాబు మారాం చేస్తున్నాడని అత్తమ్మ ఒడిలోకి తీసుకుంటారు. అందరిళ్లలో జరిగేదే. దయచేసి ఆ చివరి ఐదు కిలోమీటర్లు కూడా తీసుకోనివ్వకండి.

తరువాత బాబు పెద్దయి, కింద పీట మాత్రమే ఉండే బూస్టర్‌కు మారినప్పుడు, వీపు లేని ఆ పీటకు కారు హెడ్‌రెస్ట్ తప్పనిసరి. అప్పుడు దాన్ని వెతికి పెట్టాలి. చైల్డ్ సీటు తీసి పక్కన పెట్టి ఆ చోట ఎవరైనా కూర్చోబోతున్నా అంతే, ముందు హెడ్‌రెస్ట్, తరువాత మనిషి. అందుకే తీసిన హెడ్‌రెస్ట్‌ను పాత దిండు గలీబులో వేసి, మీద "ఎడమ" అని రాసి, ఇంట్లో అందే చోట పెట్టుకోండి. పక్క సీటుదీ నడిమి సీటుదీ ఒకేలా కనబడినా రాడ్ల దూరం, ఎత్తు వేరు ఉండొచ్చు, కలిపేయొద్దు.

కారులోనే పెట్టాలంటే డిక్కీ అడుగున, సామాను కింద. వెనక అద్దం దగ్గరి ట్రే మీద మాత్రం అస్సలు వద్దు. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేనికో గుద్దుకుని ఆగిపోతే, లోపల వదులుగా ఉన్న వస్తువు మూడంతస్తుల మేడ మీది నుంచి పడ్డంత వేగంతో ముందుకు వస్తుంది. రెండు ఇనుప రాడ్లున్న వస్తువు అది. దాని దారిలో ఉన్నవి మీ తల, మీ ఆయన తల.

అద్దం సంగతి తేలిక. ఎవరూ కూర్చోని సీట్ల హెడ్‌రెస్ట్‌లు అట్టడుగుకు దించేయండి. చాలావరకు కనబడుతుంది. అత్తమ్మ వెనక ఉన్నది ఎలాగూ ఆమె తలకు అడ్డంగానే ఉంటుంది, దాన్ని తీసినా అద్దంలో ఆమె తలే కనబడుతుంది. మిగిలింది పక్క అద్దాలతో చూసుకోవాలి. వాటిని మీ కారు ఒళ్లు కొద్దిగా మాత్రమే కనబడేలా బయటికి తిప్పి పెట్టుకోండి.

ఫైన్ గురించి టెన్షన్ పడకండి. చైల్డ్ సీటు కోసం ఒక హెడ్‌రెస్ట్ తీశారని భయపడాల్సిన పని లేదు. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ సీటు బెల్టు గురించి. బెల్టు పెట్టుకోకపోతే 1000 రూపాయలు, 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా కూర్చోబెడితే ఇంకో 1000. ముందుకు చూసే వెనక సీట్లలో కూర్చున్న వాళ్లకు కూడా బెల్టు తప్పనిసరి, ఇది చాలా పాత నిబంధనే. టాటా గ్రూపు మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పోయింది వెనక సీటులో, బెల్టు లేకుండా. అంత ఖరీదైన కారులోనే అలా జరిగింది. అత్తమ్మకు బెల్టు పెట్టడం అలవాటు చేయండి. బెల్టు ఉంటేనే మనిషి సీటుకు ఆనుకుని ఉంటుంది, ఆనుకుని ఉంటేనే హెడ్‌రెస్ట్ అందుతుంది.

ఇక వాట్సాప్ సంగతి. అద్దం పగలగొట్టడానికే ఊడొచ్చేలా చేశారన్నది నిజం కాదు. ఎత్తు మార్చుకోవడానికి, సీటు మడవడానికి, మీలా చైల్డ్ సీటు పెట్టుకోవడానికి అలా చేశారు. దాంతో పక్క అద్దం పగలదా అంటే, పగలొచ్చు. రాడ్డు కొనను అద్దానికీ తలుపు రబ్బరుకూ నడుమ కిందికి దూర్చి, మన వైపు లాగితే పక్క అద్దం పొడిపొడిగా రాలే అవకాశం ఉంది. ముందు అద్దం అలా పగలదు, అది రెండు పొరల నడుమ ప్లాస్టిక్ పెట్టి చేసింది. కొన్ని కార్లలో పక్క అద్దాలు కూడా ఇలాంటివే ఉంటున్నాయి. కానీ ఒకసారి ఆలోచించండి, ఇంట్లో వెలుతురులోనే ఇద్దరు కలిసి, క్లిప్పు పెట్టి తీయాల్సిన దాన్ని నీళ్లు మోకాళ్ల దాకా వస్తుంటే చీకట్లో తీయగలమా? దాన్ని నమ్ముకోవద్దు. అద్దం పగలగొట్టి బెల్టు కోసే చిన్న సుత్తి బజార్లో దొరుకుతుంది, డ్రైవర్ చేతికి అందే చోట పెట్టుకోండి. కారు నీళ్లలోకి దిగితే మొదటి పని బెల్టు విప్పడం, రెండోది అద్దం దించడం, మూడోది పిల్లాడిని ముందు బయటికి పంపడం. అద్దాలు దించే మోటార్లు కాసేపు పనిచేస్తాయి, ఆ కాసేపే మనకు ఉన్నది. ఫోన్ తరువాత.

అసలు అంత దాకా రానివ్వకండి. 2023 జూలై చివరి వారం మనకు గుర్తుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది, మన వరంగల్, హనుమకొండ కాలనీల్లో పడవలు తిరిగాయి. మీరు వెళ్లే వైపు కూడా చెరువులు, వాగులు తక్కువేం కాదు. మత్తడి దుంకుతున్నప్పుడు లో లెవెల్ కల్వర్టు మీద అడుగు లోతు నీళ్లు పారుతున్నా చిన్న కారు పట్టు తప్పుతుంది. రెండడుగులైతే పెద్ద బండ్లూ కొట్టుకుపోతాయి. ఆ రోజు అత్తగారింటికి ఫోన్ చేసి, వచ్చే వారం వస్తామని చెప్పండి.

చివరగా, తీసినదాన్ని మళ్లీ పెట్టడం. గాట్లు ఉన్న రాడ్డు బటన్ ఉన్న బిళ్ల వైపే దిగాలి. తిరగేసి పెడితే దూరినట్టే ఉంటుంది, తాళం పడదు. రెండు రాడ్లను ఒకేసారి బొక్కల్లో నిలిపి, బటన్ నొక్కి నెమ్మదిగా దించండి. కావలసిన ఎత్తులో బటన్ వదిలి టక్కు వినండి. తరువాత ఏదీ నొక్కకుండా పైకి ఒకసారి గట్టిగా లాగండి, కిందికి ఒకసారి ఒత్తండి. కదలకపోతే పడినట్టే. సీటు కవర్ గుడ్డ బిళ్ల కిందికి పోయి ఇరుక్కుంటే తాళం సగమే పడుతుంది, అందుకని కవర్‌కు రాడ్ల చోట ఉన్న రంధ్రాలు సరిగ్గా బిళ్లల చుట్టూ కూర్చున్నాయో చూడండి. కూర్చోకపోతే కత్తెరతో ఒక గోరంత వెడల్పు చేసుకోండి. షాపులో వాళ్లు చేయాల్సిన పని అదే.

ఈ ఆదివారం బయలుదేరే ముందు అత్తమ్మను కూర్చోబెట్టి ఎత్తు సరిచేయండి. గిర్నిబావి దగ్గర టీకి ఆగినప్పుడు, వీపులో ఇంకా గుచ్చుకుంటోందా అని అడగండి. గుచ్చుకుంటుంటే ఇంకో గాటు లేపి చూడండి, అప్పటికీ తేడా రాకపోతే కారు పేరు, ఏ సంవత్సరంది, బిళ్లల ఫొటో జతచేసి మళ్లీ రాయండి.